పేజీలో ఖాళీ, ఫైలులో ఖాళీ

గత సంచికలో ముఖచిత్రాల రూపకల్పన గురించి రాస్తూ వైట్ స్పేస్ అనే మాటను ఒకసారి వాడి వదిలేశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు రెండు రకాలుగా ఉన్నాయి. డిజైన్ చేసేవారు పేజీ మీద వదిలే జాగా గురించి అడిగారు. కంప్యూటర్‌తో పనిచేసేవారు స్పేస్ బార్ నొక్కితే పుట్టే అక్షరం గురించి అడిగారు. మాట ఒకటే గాని వస్తువులు రెండు. కంటికి ఖాళీ అంటే ఒక కొలత. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అన్నదే దానికి కావాలి. యంత్రానికి ఖాళీ అంటే ఒక గుర్తు. అది ఏ సంఖ్య గల అక్షరం అన్నదే దానికి కావాలి. కింది ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఈ రెంటి మధ్య తేడాలోనే ఉంది కాబట్టి, ఉత్తరాలను విడదీయకుండా ఒకేచోట జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను ఏ పోస్టరు చేసి చూపించినా, పని ఇచ్చినవారు "ఇక్కడ ఇంత ఖాళీ ఎందుకు, ఇంకేదైనా పెట్టండి" అంటున్నారు. ఖాళీ అవసరమని వారికి ఎలా నచ్చజెప్పాలి? అసలు వైట్ స్పేస్ తెల్లగానే ఉండాలా?
(గ్రాఫిక్ డిజైన్ విద్యార్థిని)

జవాబు: ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. తెల్లగా ఉండనక్కరలేదు. అచ్చు వేసే కాగితం తెల్లనిది కావడం వల్ల ఆ పేరు నిలిచింది, అంతే. నల్లని నేపథ్యం మీద వదిలిన నలుపు, ఫొటోలో వస్తువు చుట్టూ ఉన్న ఆకాశం, తెర మీద రెండు బటన్ల మధ్య మిగిలిన బూడిదరంగు పట్టీ, అన్నీ వైట్ స్పేస్ కిందికే వస్తాయి. చిత్రకారులు దీన్నే నెగెటివ్ స్పేస్ అంటారు. డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లో ప్రచురించిన ప్రసిద్ధమైన బొమ్మలో మధ్య భాగాన్ని చూస్తే ఒక కూజా, పక్క భాగాలను చూస్తే ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలు కనిపిస్తాయి. ఏది వస్తువు, ఏది ఖాళీ అన్న తీర్పు కాగితం మీద లేదు, చూసేవారి మనసులో జరుగుతుంది. 1994లో లిండన్ లీడర్ రూపొందించిన ఫెడెక్స్ లోగోలో చివరి రెండు అక్షరాల మధ్య మిగిలిన ఖాళీయే కుడివైపు చూపే బాణం. ఒకసారి ఆ బాణాన్ని చూసిన తరువాత దాన్ని చూడకుండా ఉండడం కష్టం.

ఇక మీ మొదటి ప్రశ్న. ఖాళీ అందంగా ఉంటుందని చెప్పి ఎవరినీ ఒప్పించలేరు, ఎందుకంటే అందం విషయంలో డబ్బు ఇచ్చేవారి అభిరుచికి మీ అభిరుచి ఎదురు నిలవదు. ఆ ఖాళీ అక్కడ ఏ పని చేస్తోందో చెప్పాలి. అది చేసే పనుల్లో మొదటిది కలపడం, విడదీయడం. మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో రాసిన వ్యాసంలో దగ్గరదగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా లెక్కిస్తుందని వివరించాడు. మధ్యలో గీత గాని, చుట్టూ గడి గాని అవసరం లేదు, దూరం ఒక్కటే చాలు. మీ పోస్టరులో తేదీ, సమయం, వేదిక ఒకదానికొకటి దగ్గరగా ఉండి, వాటికీ వక్తల పేర్లకూ మధ్య రెట్టింపు జాగా ఉంటే, చదివేవారు ఒక్క చూపులోనే రెండు విషయాలున్నాయని గ్రహిస్తారు. విద్యార్థుల పనిలో నాకు తరచుగా కనిపించే లోపం ఖాళీ ఎక్కువ కావడం కాదు, అన్నిచోట్లా సమానంగా ఉండడం. ఉపశీర్షికకు పైనా కిందా ఒకే దూరం ఉంటే అది పై పేరాకు చెందిందా, కింది పేరాకు చెందిందా అన్నది తేలదు. అది తన పేరాకు దగ్గరగా, వెనకటి పేరాకు దూరంగా ఉండాలి.

రెండో పని ప్రాముఖ్యాన్ని చూపడం. జర్మన్ అచ్చు రూపశిల్పి యాన్ చిహోల్ట్ 1928లో బెర్లిన్‌లో ప్రచురించిన కొత్త టైపోగ్రఫీ గ్రంథంలో, కాగితం తెలుపును వెనకపడి ఉండే నేపథ్యంగా గాక అక్షరాలతో సమానంగా పనిచేసే వస్తువుగా వాడాలని వాదించాడు. వ్యాపార ప్రకటనల్లో దీనికి అందరూ చూపే ఉదాహరణ 1959 నాటి ఫోక్స్‌వాగన్ ప్రకటన. డోయల్ డేన్ బెర్న్‌బాక్ అనే ప్రకటనల సంస్థలో హెల్ముట్ క్రోన్ దాన్ని కూర్చాడు. చిత్రం చాలా భాగం ఖాళీగా ఉండి, చిన్న కారు ఒక మూలగా కనిపిస్తుంది. పెద్ద కార్లను మరింత పెద్దగా చూపే రోజుల్లో ఆ కారు చిన్నదన్న సంగతినే అమ్మకానికి పెట్టాలి. ఆ మాట చెప్పింది చుట్టూ వదిలిన జాగాయే. అక్కడ మరొక ఫొటో చేర్చి ఉంటే ప్రకటన అర్థమే మారిపోయేది.

కాబట్టి వారు మళ్లీ అడిగినప్పుడు "ఈ జాగా తీసేస్తే ఫలానా విషయం ఫలానా దానిలో కలిసిపోతుంది" అని వేలు పెట్టి చూపించండి. అలా చూపించలేని ఖాళీ ఏదైనా మీ పోస్టరులో ఉంటే, ఆ ఒక్కచోట మాత్రం వారు అన్నదే నిజమని ఒప్పుకోక తప్పదు.

ప్రశ్న: మా సంస్థ వార్షిక సంచికను నేనే డీటీపీ చేస్తాను. రెండు అంచులూ సమంగా వచ్చేలా జస్టిఫై చేస్తే పదాల మధ్య పెద్ద కంతలు పడుతున్నాయి. వరుసల మధ్య దూరం తగ్గిస్తే వత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయి. ఎంత దూరం ఉండాలి?
(ఒక డీటీపీ ఆపరేటర్)

జవాబు: సీసపు అక్షరాలతో అచ్చు కూర్చిన రోజుల్లో ఈ ప్రశ్న ఇలా పుట్టేది కాదు, ఎందుకంటే అప్పట్లో ఖాళీ చేతికి తగిలే వస్తువు. పదాల మధ్య కంపోజిటర్ లోహపు ముక్కలు పెట్టేవాడు. అవి అక్షరాల కంటే పొట్టిగా ఉండడం వల్ల వాటికి సిరా అంటేది కాదు, అందుకే కాగితం మీద అక్కడ ఏమీ పడేది కాదు. టైపు ఎత్తు ఎంతో అంత వెడల్పు గల చదరపు ముక్క ఎమ్, అందులో సగం ఎన్. అంతకంటే సన్ననివి వెంట్రుకవాసి దాకా ఉండేవి. వరుసల మధ్య దూరం కావాలంటే సీసపు పట్టీలు పెట్టేవారు. లెడ్ అంటే సీసం కాబట్టి దాన్ని లెడ్డింగ్ అన్నారు, మీ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ ఆ పేరే ఉంది. ప్రతి ఖాళీని ఒక మనిషి చేత్తో ఎంచి పెట్టేవాడు కాబట్టి, కంత పడితే అది మొదట అతనికే కనబడేది.

ఇప్పుడు ఆ ఎంపిక యంత్రానిది. జస్టిఫై చేసినప్పుడు వరుసలో మిగిలిన జాగాను అది పదాల మధ్య పంచుతుంది. మన పదాలు విభక్తులనూ ప్రత్యయాలనూ కలుపుకొని పొడవుగా సాగుతాయి కాబట్టి ఒక వరుసలో నాలుగైదు పదాలే పట్టి, పంచుకోవడానికి మూడు నాలుగు ఖాళీలే మిగులుతాయి. మిగిలిన జాగా అంతా వాటి మీదే పడి అవి ఉబ్బుతాయి. అటువంటి ఖాళీలు వరుసగా ఒకదాని కింద ఒకటి వస్తే పేజీ నిలువునా తెల్లటి కాలువ పారినట్లు కనిపిస్తుంది. అచ్చు పనివారు దాన్ని రివర్ అంటారు.

దీనికి మూలంలోనే మందు వెదికినవారు కంప్యూటర్ శాస్త్రవేత్తలు డొనాల్డ్ క్నూత్, మైకేల్ ప్లాస్. క్నూత్ 1978లో తొలిసారి విడుదల చేసిన టెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థలో పదాల మధ్య ఖాళీకి గ్లూ, అంటే జిగురు అని పేరు. ఆ జిగురు సహజంగా ఎంత ఉండాలి, ఎంతవరకు సాగవచ్చు, ఎంతవరకు కుంచించుకోవచ్చు అన్న మూడు కొలతలూ దానికి ఉంటాయి. 1981లో వారిద్దరూ ప్రచురించిన పద్ధతి ప్రకారం, వరుసను ఎక్కడ విరవాలో ఆ వరుస ఒక్కదాన్నే చూసి నిర్ణయించరు. మొత్తం పేరాలో అన్ని వరుసల జిగురూ ఎంత తక్కువ సాగితే అంత మంచిదని లెక్కిస్తారు. నాలుగో వరుసలో కంత పడకుండా ఉండడానికి రెండో వరుసలో ఒక పదాన్ని కిందికి దించవలసి రావచ్చు. మీరు పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్లయితే, పేరా మొత్తాన్ని చూసి విరిచే ఏర్పాటు పేరాగ్రాఫ్ కంపోజర్ అనే పేరుతో ఉంది. భారతీయ లిపుల కోసం అందులో వరల్డ్ రెడీ అని మొదలయ్యే రకాన్ని ఎంచుకోవాలి, లేకపోతే అక్షరాలే సరిగా కూడవు.

అయినా నా సలహా వేరు. కాలమ్ సన్ననిదైతే జస్టిఫై చేయడం మానేసి ఎడమ అంచు మాత్రమే సమంగా ఉంచండి. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా పదాల మధ్య ఖాళీ ఒకే కొలతలో ఉండడం చదివే కంటికి హాయి. వరుసల దూరం విషయానికి వస్తే, ఇన్‌డిజైన్ తనంతట తాను ఇచ్చే లెడ్డింగ్ అక్షర పరిమాణంలో 120 శాతం. అది రోమన్ అక్షరాలకు సరిపోయే లెక్క. మన లిపిలో గుడులు, తలకట్లు పైకీ, వత్తులు కిందికీ పెరుగుతాయి. 150 శాతంతో మొదలుపెట్టి, రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి వచ్చే పదాన్నీ దాని కింది వరుసలో గుడిదీర్ఘమున్న పదాన్నీ పెట్టి అచ్చు తీసి చూడండి. ఫాంటు మారితే ఈ పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే ఒకే పాయింటు సంఖ్యలో ఒక్కొక్క ఫాంటు అక్షరం ఒక్కొక్క పొడవు ఉంటుంది.

ప్రశ్న: వాక్యం చివర చుక్క తరువాత రెండు స్పేసులు పెట్టాలని టైపు పరీక్షకు నేర్పారు. ఇప్పుడు అందరూ ఒకటే అంటున్నారు. ఏది సరి?
(విశ్రాంత ఉద్యోగి)

జవాబు: ఒకటే. టైపు మిషన్ మీద ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండడం వల్ల వాక్యాల మధ్య విరామం స్పష్టం కావడానికి రెండు స్పేసుల అలవాటు బాగా పాతుకుపోయింది. నేటి ఫాంట్లలో అక్షరాల వెడల్పులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఆ అవసరం పోయింది. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2020 నుంచి రెండు స్పేసులను తప్పుగా గుర్తించి కింద గీత గీస్తోంది. మీరు నేర్చుకున్నది మీ యంత్రానికి పొందికైన పద్ధతే, మారింది యంత్రం.

ప్రశ్న: ఎక్సెల్‌లో రెండు జాబితాలను వీలుకప్‌తో (ఒక జాబితాలోని విలువను మరొకదానిలో వెదికే ఫంక్షన్) పోలుస్తున్నాను. రెండింటిలోనూ ఒకే పేరు ఉన్నట్లు కనిపిస్తున్నా దొరకలేదని వస్తోంది. అదనపు ఖాళీలను కత్తిరించే ట్రిమ్ వాడినా ఫలితం లేదు. కారణం ఏమిటి?
(అకౌంట్స్ విభాగంలో పనిచేసే ఉద్యోగి)

జవాబు: మీ కన్ను కొలతను చూస్తోంది, ఎక్సెల్ గుర్తును చూస్తోంది. కంప్యూటర్ దృష్టిలో ఖాళీ కూడా ఒక అక్షరమే, దానికీ ఒక సంఖ్య ఉంది. 1963లో తొలిసారి వెలువడిన, అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే ఆస్కీ ప్రమాణంలో మామూలు స్పేసు సంఖ్య 32, ట్యాబ్ సంఖ్య 9. తరువాత ప్రపంచ లిపులన్నిటి కోసం వచ్చిన యూనికోడ్‌లో వైట్ స్పేస్ లక్షణం కలిగిన అక్షరాలు మొత్తం 25 ఉన్నాయి. వరుస మార్చే గుర్తులు, సీసపు ముక్కల కాలం నుంచి వచ్చిన ఎమ్, ఎన్ ఖాళీలు, చైనా, జపాన్ లిపుల చదరానికి సరిపోయే వెడల్పాటి ఖాళీ, అన్నీ అందులో ఉన్నాయి. ఓఘమ్ అనే ప్రాచీన ఐరిష్ లిపికి చెందిన ఒక ఖాళీ కూడా ఉంది. ఆ లిపిలో అక్షరాలు ఒక పొడవైన గీతను పట్టుకొని సాగుతాయి కాబట్టి చాలా ఫాంట్లలో ఆ ఖాళీ ఒక గీతగా కనిపిస్తుంది! ఖాళీ అని పేరు పెట్టుకొని కళ్లెదుట నిలబడే అక్షరం మరొకటి నాకు తెలియదు.

మీ జాబితాలో దాగింది 160 సంఖ్య గల నాన్ బ్రేకింగ్ స్పేస్ అని నా అనుమానం. దానికి రెండు పక్కలా ఉన్న పదాలు వేరువేరు వరుసల్లోకి విడిపోకూడదని చెప్పడానికి దాన్ని వాడతారు. సంఖ్యనూ దాని కొలమానాన్నీ కలిపి ఉంచడానికి అది ఎంతో ఉపయోగం. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు అది కూడా వెంట వస్తుంది. ఎక్సెల్‌లో ట్రిమ్ తొలగించేది 32ను మాత్రమే, 160 జోలికి పోదు. అదృశ్య అక్షరాలను తీసేసే క్లీన్ ఫంక్షన్ కూడా 0 నుంచి 31 దాకా సంఖ్యలున్న వాటినే తీస్తుంది.

ముందు రోగ నిర్ధారణ చేయండి. లెన్ ఫంక్షన్‌తో రెండు గడుల్లోని అక్షరాలను లెక్కించండి. కనిపించే పేరు ఒకటే అయినా ఒకదానిలో ఒక అక్షరం ఎక్కువ ఉంటే దొంగ దొరికినట్లే. రైట్ ఫంక్షన్‌తో చివరి అక్షరాన్ని తీసి, దానికి యూనికోడ్ ఫంక్షన్ పెడితే సంఖ్య చెబుతుంది. 160 వస్తే, సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో యూనిఛార్ 160ను మామూలు స్పేసుగా మార్చి, ఆ ఫలితాన్ని ట్రిమ్‌లో ఉంచండి. ఈ వరుస ముఖ్యం. ముందు ట్రిమ్ చేసి తరువాత మారిస్తే, కొత్తగా మారిన స్పేసులు చివర అలాగే మిగిలిపోతాయి. ఒకసారి నేను ఇదే తలకిందులుగా చేసి ఒక మధ్యాహ్నం మొత్తం పోగొట్టుకున్నాను.

ప్రశ్న: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. ఇంటర్నెట్‌లోని కోడ్ కాపీ చేసి కింద నా వరుసలు చేరిస్తే ట్యాబ్ ఎర్రర్ వస్తోంది. తెర మీద అన్నీ ఒకే నిలువు గీతలో ఉన్నాయి. సీ భాషలో ఈ బాధ లేదు కదా, ఖాళీకి ఇంత పట్టింపు ఎందుకు?
(ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: కాపీ చేసిన వరుసల ముందు ట్యాబ్ ఉంది, మీరు రాసిన వరుసల ముందు స్పేసులు ఉన్నాయి, లేదా దానికి తలకిందులుగా ఉంది. మీ ఎడిటర్ ట్యాబ్‌ను నాలుగు స్పేసుల వెడల్పుగా చూపిస్తే అవి సమంగా కనిపిస్తాయి, ఎనిమిదిగా చూపిస్తే కనిపించవు. ట్యాబ్ వెడల్పును బట్టి అర్థం మారిపోయే కోడ్‌ను పైథాన్ 3 ఒప్పుకోదు, ఊహించడం కంటే ఆగిపోవడమే మంచిదని దాని నిర్ణయం. ఎడిటర్‌లో అదృశ్య అక్షరాలను చూపే ఏర్పాటును ఆన్ చేసి, ట్యాబ్‌లన్నిటినీ స్పేసులుగా మార్చుకోండి. పైథాన్ కోడ్ శైలికి ప్రామాణికమైన పెప్ 8 ఒక్కొక్క మెట్టుకు 4 స్పేసులను సూచిస్తుంది.

పట్టింపు ఎందుకన్న ప్రశ్నకు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ ఈ విషయంలో మరో కొసన ఉండేది. దాని పాత రూపంలో వాక్యం లోపలి స్పేసులకు ఏ విలువా లేదు. డూ 10 ఐ = 1, 10 అని రాస్తే అది పదిసార్లు తిరిగే లూపు. కామా బదులు పొరపాటున చుక్క పడితే, స్పేసులన్నీ తీసేసుకున్న కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం) దాన్ని డూ10ఐ అనే పేరు గల చలరాశికి 1.10 విలువ ఇవ్వడంగా అర్థం చేసుకొని, ఏ ఫిర్యాదూ లేకుండా ముందుకు పోయేది. మనిషి ఆ ఖాళీల వల్లనే మూడు పదాలను చూస్తాడు, యంత్రం ఒకే పదాన్ని చూస్తుంది. దీనికి ఎదురుగా, వరుస ఎంత లోపలికి జరిగిందో దాన్ని బట్టే నిర్మాణం తెలియాలనే ఆలోచనను పీటర్ లాండిన్ 1966లో ఆఫ్‌సైడ్ నియమం పేరుతో ప్రతిపాదించాడు. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ దాన్ని లోకానికి అలవాటు చేసింది.

సీ భాషలో ఈ బాధ లేదన్న మీ మాటతో నేను ఏకీభవించను, బాధ అక్కడ మరో రూపంలో ఉంది. ఆ భాషలో బ్రాకెట్లు లేని ఇఫ్ అనే షరతు తన తరువాతి ఒక్క వాక్యాన్ని మాత్రమే అదుపు చేస్తుంది, వరుస ఎంత లోపలికి జరిగిందో (ఇండెంటేషన్) కంపైలర్ చూడదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ సరిదిద్దిన ఒక భద్రతా లోపంలో, గోటూ ఫెయిల్ అనే వరుస ఒక ఇఫ్ కింద పొరపాటున రెండుసార్లు పడింది. రెండూ ఒకే దూరం లోపలికి జరిగి ఉండడంతో రెండూ ఆ ఇఫ్ కిందివే అన్నట్లు కంటికి కనిపించాయి. కంపైలర్ దృష్టిలో మాత్రం రెండోది ఏ షరతూ లేకుండా ప్రతిసారీ నడిచేది. దానివల్ల సురక్షిత వెబ్ సంబంధాల్లో అవతలి సర్వర్ డిజిటల్ సంతకాన్ని సరిచూసే ఘట్టం దాటిపోయింది. పైథాన్ పద్ధతిలో ఉంటే ఆ రెండో వరుస ఇఫ్ లోపలే ఉండిపోయి ఎవరికీ హాని చేసేది కాదు. కంటికి ఒక అర్థం, యంత్రానికి ఇంకొక అర్థం ఉండకూడదన్నదే మీరు విసుక్కుంటున్న పట్టింపు వెనకనున్న కారణం.

అయితే ట్యాబ్ పట్ల అన్ని పట్టింపులూ ఇంత ఆలోచించి పెట్టినవి కావు. కోడ్ ఫైళ్ల నుంచి ప్రోగ్రామును తయారుచేసే మేక్ అనే పనిముట్టు ఫైలులో ఆదేశాల వరుసలు తప్పనిసరిగా ట్యాబ్‌తోనే మొదలుకావాలి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ఆ నియమం అసౌకర్యమని త్వరలోనే గుర్తించినా, అప్పటికే డజను మంది వాడుతున్నారు గనుక వారికి ఇబ్బంది కలగకూడదని మార్చలేదట. ఆ డజను మంది పుణ్యమా అని తరువాతి తరాలన్నీ ట్యాబ్ కొడుతున్నాయి. ఇక 2003 ఏప్రిల్ 1న ఎడ్విన్ బ్రాడీ, క్రిస్ మోరిస్ విడుదల చేసిన వైట్‌స్పేస్ అనే భాషలో స్పేసు, ట్యాబ్, కొత్త వరుస ఈ మూడే అక్షరాలు. మిగతావన్నీ లెక్కలోకి రావు. ప్రోగ్రాం మొత్తం అచ్చు వేస్తే తెల్లకాగితం వస్తుంది. ఆ తేదీని బట్టే దాని ఉద్దేశం తెలుస్తోంది.

ప్రశ్న: వెబ్ పేజీ తయారు చేస్తూ రెండు పదాల మధ్య దూరం కోసం పది స్పేసులు కొట్టాను. బ్రౌజర్ ఒక్కటే చూపిస్తోంది. మిగతా తొమ్మిది ఏమయ్యాయి?
(కొత్తగా వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న గృహిణి)

జవాబు: ఫైలులో భద్రంగా ఉన్నాయి, పేజీ మీదికి రాలేదు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో వరుసగా వచ్చే స్పేసులు, ట్యాబ్‌లు, కొత్త వరుసలు అన్నిటినీ బ్రౌజర్ మామూలుగా ఒకే స్పేసుగా కుదిస్తుంది. కోడ్ రాసేవారు తమ సౌకర్యం కోసం వరుసలను ఎక్కడ విరిచినా, ఎంత లోపలికి జరిపినా పేజీ చెదరకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. కవిత్వంలాగా ఉన్నది ఉన్నట్లు కనిపించాలంటే ప్రీ అనే ట్యాగ్, లేదా పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో వైట్ స్పేస్ అనే పేరుతోనే ఉన్న లక్షణం వాడాలి.

దూరం కోసం నాన్ బ్రేకింగ్ స్పేసులు పది పేర్చమని మీకు ఎవరైనా చెబితే వినకండి. ఎక్సెల్ ప్రశ్న అడిగిన ఉద్యోగి జాబితాలోకి 160లు చేరేది అటువంటి పేజీల నుంచే. దూరం కొలత కాబట్టి దాన్ని సీఎస్ఎస్‌లో కొలతగానే చెప్పాలి. గడి అంచుకు లోపలి ఖాళీ ప్యాడింగ్, వెలుపలి ఖాళీ మార్జిన్. ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు పేరాల మార్జిన్లు సాధారణంగా కూడిక కావు, పెద్దది ఏదో అదే నిలుస్తుంది. 20, 30 అని ఇచ్చి 50 రాలేదని వెదకడం కొత్తవారందరికీ ఒకసారి తప్పదు.

ప్రశ్న: ఫైళ్ల పేర్లలో స్పేసు పెట్టవద్దంటారు. కారణం ఉందా?
(ఒక పాఠకుడు)

జవాబు: ఉంది. ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్‌లో స్పేసు ఒక మాట ముగిసి మరొక మాట మొదలైందని చెప్పే గుర్తు. వార్షిక నివేదిక అని పేరున్న ఫైలును కొటేషన్ గుర్తులు లేకుండా ఇస్తే, అది రెండు వేరువేరు ఫైళ్ల పేర్లు అనుకుంటుంది. 2011లో లినక్స్ కోసం రాసిన ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, తొలగించవలసిన ఫోల్డరు దారి మధ్యలో ఒక స్పేసు పొరపాటున పడింది. దానితో లోపలి చిన్న ఫోల్డరు బదులు, వ్యవస్థకు ప్రాణాధారమైన యూఎస్ఆర్ ఫోల్డరు మొత్తాన్ని తొలగించమన్న ఆదేశంగా అది మారిపోయింది.

ప్రశ్న: కొందరు "సాఫ్ట్‌వేర్" అని విడిగా కనిపించేలా రాస్తారు. నేను రాస్తే "సాఫ్ట్వేర్" అని వత్తు పడుతోంది. మధ్యలో స్పేసు పెడితే రెండు పదాలైపోతోంది. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు)

జవాబు: మీకు కావలసింది వెడల్పు లేని అక్షరం. యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అని ఒకటుంది, దాని సంకేతం 200సీ. పొల్లు తరువాత దాన్ని ఉంచితే తరువాతి హల్లు వత్తుగా మారదు, పదం మాత్రం ఒకటిగానే ఉంటుంది. దీన్ని టైపు చేసే వీలు చాలా తెలుగు కీబోర్డు లేఅవుట్లలో ఉంటుంది. పేరు చూసి ఖాళీల జాతి అనుకుంటాం గాని, నేను పైన చెప్పిన 25లో ఇది లేదు. అందువల్ల చివరి ఖాళీలను కత్తిరించే ఫంక్షన్లకు ఇది దొరకదు. పాస్‌వర్డు చివరనో, ఈమెయిల్ చిరునామా చివరనో ఇది అంటుకుంటే అక్కడ ఏదో ఉందని ఎవరికీ తోచదు. వెదుకులాటలోనూ జాగ్రత్త అవసరం. ఈ అక్షరాన్ని లెక్కలోకి తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో మీరు రాసిన రెండు రూపాలూ వేరువేరు పదాలు, ఒకటి వెదికితే రెండోది రాదు. మీ డేటాబేసులో వెదుకులాట రాసేవారు పోలికకు ముందు దీన్ని తీసేసి పోల్చేలా చూడాలి.

ప్రశ్న: మొబైల్ యాప్‌లు తయారు చేస్తాం. తెర చిన్నది, ఖాళీ వదిలితే సమాచారం పట్టదు. కనీసం ఎంత వదలాలో నియమం ఏదైనా ఉందా?
(యాప్ డిజైనర్)

జవాబు: అందరికీ అందుబాటులో ఉండేలా వెబ్‌ను తీర్చడానికి డబ్ల్యూసీఏజీ అనే మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిని మొబైల్ యాప్‌లకూ ఆధారంగా తీసుకుంటారు. 2018లో వచ్చిన 2.1 సంచికలో అక్షరాల ఎడం గురించి ఒక నియమం ఉంది. అక్షర పరిమాణంతో పోలిస్తే వరుసల మధ్య 1.5 రెట్లు, పేరాల తరువాత 2 రెట్లు, అక్షరాల మధ్య 0.12, పదాల మధ్య 0.16 వంతు అన్నవి అందులోని అంకెలు. చాలామంది ఈ అంకెల ప్రకారమే డిజైన్ చేయాలనుకుంటారు. నియమం కోరేది అది కాదు. చదవడం కష్టమైన వినియోగదారు తన అవసరం కోసం దూరాలను అంతవరకు పెంచుకున్నప్పుడు, మీ తెర మీద ఏ మాటా తెగిపోకూడదు, ఏ బటనూ పనిచేయడం మానకూడదు. ఎత్తు బిగించిన గడుల్లో వచనం పెట్టే అలవాటు ఉంటే ఈ పరీక్షలో నిలవరు.

2023 అక్టోబరులో వచ్చిన 2.2 సంచిక వేలికి సంబంధించిన కొలత కూడా చెప్పింది. నొక్కవలసిన భాగం కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. గుర్తు అంతకంటే చిన్నదైతే, దాని మధ్య నుంచి 24 పిక్సెళ్ల వ్యాసంతో వృత్తం గీస్తే అది పక్కనున్నదాన్ని తాకకుండా ఖాళీ వదలాలి. అంటే ఇక్కడ ఖాళీని బటన్‌లో భాగంగానే లెక్కించారు.

ఒక్క మాట మీ పక్షాన కూడా చెప్పాలి. ఖాళీ ఎంత ఎక్కువైతే అంత ఆధునికమన్న నమ్మకం ఒకటి ప్రబలింది, దాన్ని నేను ఒప్పుకోను. ఒకే పట్టికలోని యాభై వరుసలను రోజంతా పోల్చి చూసే పనివారికి, ఒక తెరలో ఎనిమిది వరుసలే పట్టేలా పరిచిన విశాలమైన డిజైన్ శిక్ష. వారికి వరుసలు దగ్గరగా ఉంచి, నిలువు గుంపుల మధ్య మాత్రం ఎడం ఇవ్వండి.

ప్రశ్న: పీడీఎఫ్ నుంచి వచనం కాపీ చేస్తే పదాలన్నీ అతుక్కుపోయి వస్తున్నాయి. తెర మీద మాత్రం మధ్యలో ఖాళీ స్పష్టంగా ఉంది. దీన్ని బాగుచేయవచ్చా?
(పరిశోధక విద్యార్థి)

జవాబు: ఎక్సెల్ ప్రశ్నకు ఇది తలకిందులు. అక్కడ కొలత లేకుండా గుర్తు ఉంది, ఇక్కడ గుర్తు లేకుండా కొలత ఉంది. పీడీఎఫ్ ఏ అక్షరం ఆకారాన్ని పేజీ మీద ఎక్కడ గీయాలో చెబుతుంది. ఒక పదం తరువాత కొంచెం దూరం జరిగి మరొక పదాన్ని గీయమంటే కంటికి ఖాళీ కనిపిస్తుంది, అక్కడ 32 అనే అక్షరం ఉండి తీరాలన్న నిబంధన లేదు. అది లేనప్పుడు కాపీ చేసే సాఫ్ట్‌వేర్ దూరాన్ని కొలిచి, ఇంత ఎడం ఉంటే ఇది కొత్త పదం కావచ్చునని ఊహించవలసి వస్తుంది. ఊహ తప్పితే మీరు చూసిన ఫలితం.

ప్రాచీన గ్రీకు, లాటిన్ రాతప్రతులను చదివినవారిదీ ఇదే స్థితి. చాలా ప్రతుల్లో పదాల మధ్య ఎడం ఉండేది కాదు. భాష వచ్చినవారు నోటితో పలుకుతూ పదాలను విడదీసుకునేవారు. లాటిన్ తమ మాతృభాష కాని ఐర్లండ్ లేఖకులు క్రీ.శ. 7, 8 శతాబ్దాల్లో పదాలను విడదీసి రాయడం మొదలుపెట్టారు. పరాయి భాషలో పదం ఎక్కడ ముగుస్తుందో ఊహించడం వారికి కష్టమైంది మరి.

మీ ఫైలు విషయంలో మూడు మార్గాలున్నాయి. ముందు మరొక పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి కాపీ చేసి చూడండి, ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ఊహించే దూరం ఒక్కొక్కలా ఉంటుంది. పీడీఎఫ్‌ను తయారు చేసినవారు అందుబాటులో ఉంటే అసలు ఫైలునే అడగండి, అందులో స్పేసులు అక్షరాలుగానే ఉంటాయి. రెండూ కుదరకపోతే పేజీలను చిత్రాలుగా మార్చి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే పద్ధతి) చేయించండి. అది కూడా దూరాన్ని చూసే పదాలను విడదీస్తుంది గాని, ఫైలులో ఏముందన్నదానితో నిమిత్తం లేకుండా పేజీని మీ కన్ను చూసినట్లే చూస్తుంది. తెలుగు వచనమైతే వత్తుల దగ్గర తప్పులు పడవచ్చు కాబట్టి అసలు పేజీని పక్కన పెట్టుకొని ఒకసారి సరిచూసుకోండి.